ముందుగా దిగినవాడు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలన్నారు. కట్టుట మాట అటుండనిండు. ఉన్న ఇంటిని బాగుచేయించుకొనుటలో కూడ మనుష్యుని గుణము బయటపడునని ఈ మధ్యనే నాకు తెలిసెను. ప్రియ చదువరులారా, ఇది నాకు గౌరవము తెచ్చు కథ కాదు. అయినను మీలో అనేకులు ఇట్టి స్థితిలో నిలిచియుందురు, లేక రేపు నిలుతురు. కనుక దాచక చెప్పుచున్నాను.

చింతలపూడి పరిసరములలోని ఒక పల్లెలో నేను సంఘకాపరిగా ఉన్నాను. సంఘమువారు ఎన్నడో కట్టించిన పెంకుటిల్లు మా నివాసము. వాసాలు పుచ్చిపోయి, వానకాలములో పడకగదిలో రెండు గిన్నెలు, వంటింటిలో ఒక బిందె పెట్టుకొని నిద్రించు స్థితి వచ్చెను. సంఘపు పెద్దలు కూడి, పెంకు తీసివేసి స్లాబు వేయింపవలెనని తీర్మానించిరి. పామాయిలు గెలల సొమ్ము చేతికి వచ్చిన రైతులు వేలల్లో ఇచ్చిరి. కూలికి పోవు స్త్రీలు వారమునకు పది, ఇరువది చొప్పున చందా పెట్టెలో వేసిరి. ఈ చిన్న సొమ్ము సంగతి ముందుగానే చెప్పుచున్నాను. ఏలయనగా తరువాత జరిగినదానితో దీనికి సంబంధమున్నది.

మా ఇంటికి ఆనుకొని ఒక కరెంటు స్తంభమున్నది. దాని తీగ ఇంటి మీదుగా పోవుచుండెను. పెంకు కప్పు మీద అది ఎత్తుగానే కనబడెను గాని, గోడలు లేపి స్లాబు వేసినచో చేతికందునంత దగ్గరకు వచ్చును. ఇండ్లకు కరెంటునిచ్చు అట్టి తీగకును ఇంటి పైభాగమునకును నిలువున కనీసము 2.5 మీటర్లు, ప్రక్కన 1.2 మీటర్లు ఎడముండవలెనని భద్రతా నిబంధన చెప్పుచున్నది. ఇనుప చువ్వ పైకెత్తుచుండగా అది తీగకు తగిలి ప్రాణము పోగొట్టుకొన్న పనివారి వార్తలు మనము చదువుచునే యున్నాము. కనుక స్తంభమును వీధి అవతలకు మార్పించుటకు దరఖాస్తు పెట్టితిని. కార్యాలయమువారు వచ్చి చూచి అంచనా వేసిరి. ఆ సొమ్మంతయు డిసెంబరులో కట్టి రసీదు తీసికొంటిని. సంక్రాంతి వెళ్లగానే పని జరుగునని చెప్పిరి. ఆ మాట నమ్మి, పండుగ మరుసటి వారమే పెంకు దింపించితిని.

స్తంభము రాలేదు. మేము దేవాలయము ప్రక్కనున్న చిన్న గదిలోనికి మారితిమి. మేస్త్రి పది దినములు చూచి, జంగారెడ్డిగూడెములో వేరొక పని ఒప్పుకొని వెళ్లిపోయెను. చువ్వలు తుప్పుపట్టసాగెను. ఫిబ్రవరిలో ఒక రాత్రి అకాల వర్షము కురిసి, పట్టా క్రింద నీరు చేరి, పదునెనిమిది సిమెంటు బస్తాలు రాళ్లవలె గడ్డకట్టెను. ఉదయమున నా భార్య ఆ బస్తాలను చేతితో తట్టి చూచి, "ఇందులో ఎన్ని వారాల చందా ఉందో" అని మాత్రము అనెను. ఆ మాట రోజంతయు నన్ను విడువలేదు.

ఆ సాయంకాలము టీ దుకాణము దగ్గర మా లైన్‌మేన్ కనబడెను. నలుగురు వినుచుండగా నేను అతనిని గట్టిగా మందలించితిని. జీతము తీసికొనుట తెలియునుగాని పని తెలియదా అంటిని. అతడు టీ గ్లాసు క్రింద పెట్టి, తల వంచుకొని విని, చివరకు, "అయ్యగారూ, స్తంభం నా జేబులో లేదండి" అనెను. స్తంభము స్టోరునుండి రావలెను. వచ్చిన తరువాత పై అధికారి పని అప్పగింపవలెను. అప్పగించిన దినమున సబ్‌స్టేషనులో చెప్పి లైను ఆపించి, అది ఆగెనని రూఢి చేసికొనిన తరువాతనే అతడు స్తంభమెక్కవలెను. ఇందులో ఒక్క మెట్టు తప్పించినను అతని భార్య విధవ యగును. నేను మందలించినది, ఆలస్యమును చేసినవానిని గాదు, నా కంటికి అందినవానిని. బలవంతుని మీది కోపమును బలహీనుని మీద తీర్చుకొనుట ఎంత సులభము!

ఆ రాత్రి నేను ఆలోచించితిని. ఆలస్యములన్నియు ఒకటి కావు. కొన్ని వస్తువులవలన, వాతావరణమువలన కలుగును. తుపాను కొట్టినప్పుడు, సామగ్రి చాలనప్పుడు ఎవరిని నిందింపగలము? అట్టిదానిని ఓర్చుకొనవలెను. కొన్ని అలవాటువలన కలుగును. కాగితము ఒక బల్ల మీదనుండి మరియొక బల్ల మీదికి పోవుటకు వారము పట్టును. అడుగువాడు లేనందున అట్లే యుండును. అట్టిచోట అడుగవలెను. మరికొన్ని ఆశవలన కలుగును. చేయి తడిపిన గాని కదలని ఆలస్యమది. దానిని నిరాకరింపవలెను. ఓర్వవలసినచోట అరచి, అడుగవలసినచోట ఊరకుండి, నిరాకరింపవలసినచోట సొమ్ము తీసి ఇచ్చువాడు మూడింటను తప్పినవాడగును.

అడుగుటకు మనకు ఆధారము లేకపోలేదు. కరెంటు మన ఇండ్లకు వచ్చుట ఎవరో చేయు ఉపకారమని మన పల్లెలలో ఇంకను తలంచువారున్నారు. నా చిన్నతనములో మా ఇంట కిరసనాయిలు బుడ్డియే దీపము. వీధిలో మొదటి బల్బు వెలిగిన దినమున దానిని చూచుటకు మేము పరుగెత్తితిమి. అప్పుడది వింత. ఇప్పుడది హక్కు. 1959లో ఏర్పడిన మన రాష్ట్ర విద్యుత్ బోర్డు 1999లో విభజింపబడెను; 2000లో పంపిణీ సంస్థలు వేరుగా ఏర్పడెను. 2003 నాటి విద్యుత్ చట్టము 43వ సెక్షను, దరఖాస్తు చేసికొన్నవానికి కరెంటు ఇచ్చుట పంపిణీ సంస్థ విధియని చెప్పి, గడువులో ఇయ్యనిచో రోజునకు 1,000 రూపాయలవరకు జరిమానా విధింపవచ్చునని చెప్పుచున్నది. 2020లో వినియోగదారుల హక్కుల నియమములు వచ్చెను. 2024లో వాటిని సవరించి, కొత్త కనెక్షనుకు మహానగరములలో 3 దినములు, పట్టణములలో 7, గ్రామములలో 15 దినములు గడువుగా పెట్టిరి. కొత్త స్తంభములు నాటి లైను పొడిగింపవలసినచోట గడువు వేరుగా నుండును. ఫిర్యాదు చెప్పుటకు 1912 అను ఫోను నంబరున్నది. దానితో తీరనిచో వినియోగదారుల ఫోరము, ఆ పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఇవన్నియు నేను తరువాత తెలిసికొన్న సంగతులు. ఆ దినములలో నేను వేరొక త్రోవ వెదకితిని.

మొదట ఒక మధ్యవర్తి వచ్చెను. కార్యాలయము చుట్టు తిరుగుచు పనులు చేయించి పెట్టువాడు. "అయిదువేలు పక్కన పెట్టండి అయ్యగారూ, ఎల్లుండికల్లా స్తంభం మీ గుమ్మంలో ఉంటది" అనెను. నేను అతనిని వెంటనే పంపివేసితిని. ఆ ఆదివారము ప్రసంగములో లంచము పాపమని చెప్పుచు, పేరు చెప్పకుండ నా సంగతి కూడ కొంచెము కలిపి చెప్పుకొంటిని. మనస్సు తేలికపడెను. చదువరులారా, మనస్సు అంత తేలికగా తేలికపడినప్పుడు జాగ్రత్తపడవలెను.

ఆరాధన ముగిసిన పిమ్మట మా పెద్దలలో ఒకరు నన్ను ప్రక్కకు పిలిచి, తన బావమరిదికి పై కార్యాలయములో ఒక అధికారి బాగుగా తెలియుననిరి. "ఒక్క మాట చెప్పిద్దామండి. రూపాయి ఇచ్చేది లేదు. దేవుడి ఇంటి పని గదా" అనిరి. నేను కాదనలేదు. సొమ్ము లేనిది లంచమెట్లగును? సిమెంటు పాడగుచున్నది, చందా సొమ్ము నష్టమగుచున్నది. సంఘపు మేలు కొరకే గదా అనుకొంటిని. బుధవారమున ఫోను పోయెను. శుక్రవారము ప్రొద్దున ట్రాక్టరు మీద స్తంభము వచ్చెను. మధ్యాహ్నమునకు నాటిరి. సాయంకాలమునకు తీగ వీధి అవతలకు మారెను.

నేను ఆనందముతో పనివారందరికి టీ ఇప్పించి, లైన్‌మేనుతో, "మొన్న కోపంలో అన్నాను, మనసులో పెట్టుకోకు నాయనా" అంటిని. అతడు నవ్వి, "పర్లేదండి" అని, కొంచెము ఆగి, "అయితే అయ్యగారూ, ఇది కాలనీకి వచ్చిన స్తంభమండి. రెండు వచ్చినయ్యి. ఒకటి నిన్న అక్కడ పాతాం. రెండోది ఇటు పంపమన్నారు" అనెను.

మా పల్లె చివర కొత్తగా ఇండ్ల స్థలములిచ్చిన కాలనీ యున్నది. అందులో చివరి వరుసలో నాలుగు ఇండ్లకు ఇంకను కరెంటు లేదు. రెండు స్తంభములు పడిన గాని తీగ అక్కడికి చేరదు. ఆ నాలుగింటిలో ఒకటి మా సంఘపు విధవరాలిది. పామాయిలు తోటలలో రాలిన పండ్లు ఏరి కూలి సంపాదించి, కుమార్తెను పదవ తరగతి చదివించుకొనుచున్నది. చందా పెట్టెలో వారమునకు ఇరువది రూపాయలు వేసినవారిలో ఆమెయు ఒకతె.

ఆ సాయంకాలమే కాలనీకి నడిచి వెళ్లితిని. ఒక స్తంభము తీగ లేక నిలిచియున్నది. దానికి ముందు రెండవ స్తంభము కొరకు త్రవ్విన గుంట నోరు తెరచుకొని యున్నది. ఆ పిల్ల గుమ్మములో కూర్చుండి, చీకటి పడకముందే చదువు ముగించుకొనవలెనని వేగముగా చదువుకొనుచున్నది. నేను తల్లితో జరిగినది దాచక చెప్పితిని. ఆమె కోపపడునని ఎదురుచూచితిని. కోపపడినచో నాకు సుఖముగా నుండెడిది. ఆమె కొంగుతో పీట తుడిచి నన్ను కూర్చుండబెట్టి, "అడిగేవాళ్లుంటే ఎవరికైనా ముందే వత్తదండి అయ్యగారూ. మాకు అడిగేవాళ్లు లేరు" అనెను. ఆ మాటలో నింద లేదు. వాన పడును, ఎండ కాయును అని చెప్పినట్లు చెప్పెను.

ఇంటికి వచ్చుచుండగా, యోహాను సువార్తలోని బేతెస్ద కోనేరు నాకు జ్ఞాపకము వచ్చెను. ముప్పది యెనిమిది సంవత్సరములు వ్యాధితో పడియున్న ఒక మనుష్యుడు ఆ గట్టున నుండెను. నీరు కదలినప్పుడు తనను దింపుటకు ఎవరును లేరనియు, తాను ప్రాకుచుండగానే ఇంకొకరు తన ముందు దిగుదురనియు అతడు ప్రభువునకు చెప్పుకొనెను. ఈ భాగము మీద నేను అనేకసార్లు ప్రసంగించితిని. ఎల్లప్పుడు ఆ రోగి పక్షమున నిలిచి మాటలాడితిని. సంఘమువారి కన్నులు చెమర్చినవి. ఆ ముందుగా దిగినవాడు ఎవరని మాత్రము ఎన్నడును ఆలోచింపలేదు. అతడు దుష్టుడని గ్రంథము చెప్పలేదు. అతడు ఎవరికిని లంచమిచ్చినట్లు లేదు. అతనికి చేయి పట్టుకొను మనుష్యులున్నారు, అంతే. బహుశః ఇంటికి వెళ్లి అతడును దేవుని స్తుతించియుండును. నేను శుక్రవారము సాయంకాలము స్తుతించినట్లే.

ఇక్కడ మనము విచారింపవలసిన ప్రశ్న యున్నది. సొమ్ము చేతులు మారని సిఫారసు తప్పా? లోకమంతయు చేయుచున్నదే, తెలిసినవారు తెలిసినవారికి సహాయపడుట మంచితనమే గదా? అవును, నీ స్వంతమైనదానితో సహాయపడుట మంచితనము. నా బియ్యములోనుండి నా స్నేహితునికి పెట్టిన, నష్టము నాది. అయితే వరుసలో మొదటి స్థానము నాది గాదు, ఆ అధికారిది గాదు, బావమరిదిది అంతకన్న గాదు. అది ముందుగా వచ్చి నిలిచినవానిది. దానిని నాకు ఇచ్చినవారు ఇతరుని వస్తువును ఇచ్చిరి. నేను ఇతరుని వస్తువును పుచ్చుకొంటిని. మన అడ్డత్రోవ ఆలస్యమును తొలగింపదు. అది చేతులు మారును. నా యింటనుండి లేచి పోయిన ఆలస్యము కాలనీలోని నాలుగు ఇండ్ల గుమ్మములలో కూర్చుండెను. లంచమిచ్చినవాడు తన సొమ్ము కొంత పోగొట్టుకొనును. నేను అదియు పోగొట్టుకొనలేదు. నా వెల అంతయు ఆ చిన్నది చెల్లించెను.

అట్లయిన అందరును వచ్చిన వరుసలోనే పోవలెనా, అవసరమునకు చోటు లేదా? ఉన్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును కొట్టి స్తంభములను వేలకొలది పడగొట్టినప్పుడు, ఆసుపత్రులకును మంచినీటి పంపులకును ముందుగా కరెంటు ఇచ్చుటను ఎవరైన అన్యాయమందురా? కొల్లేటి ప్రక్కన కైకలూరు, ఆకివీడు వైపు రొయ్యల చెరువులలో రాత్రివేళ గాలి చక్రములు ఆగినచో పంట అంతయు తెల్లవారునాటికి తేలిపోవును. అక్కడ తెగిన తీగను త్వరగా కట్టుట సబబే. కలిగినవాడు జనరేటరు పెట్టుకొని నిలువగలడు, లేనివాడు నిలువలేడు. అది కూడ చూడవలెను. అవసరమునుబట్టి ముందు వెనుకలు ఏర్పరచుట న్యాయము. పరిచయమునుబట్టి ఏర్పరచుట అన్యాయము. నాకు పాడగుచున్నవి సిమెంటు బస్తాలు. ఆమె కుమార్తెకు పరీక్షలు. ఎవరైన ఇద్దరిని ఎదుట నిలిపి అడిగియున్నచో, స్తంభము ఎటు పోవలెనో చెప్పుటకు వేదాంత పాఠశాల చదువు అక్కరలేదు. అట్లు ఇద్దరిని ఎదుట నిలుపకుండ చేయుటే సిఫారసు పని.

కనుక నాకొక కొలత దొరికినది. ఏదైన పని కొరకు అధికారితో మాట్లాడబోవునప్పుడు, నా వెనుక వరుసలో నిలిచినవాడు వినుచుండగా ఈ మాట చెప్పగలనా అని నన్ను నేను అడుగుకొనవలెను. "నేను డిసెంబరులో సొమ్ము కట్టితిని, ఇదిగో రసీదు, నా వంతు ఎప్పుడు?" అనుట ఎవరు విన్నను చెప్పదగిన మాట. "మావాడు, కొంచెం చూడండి" అనునది ప్రక్కకు పిలిచి చెప్పవలసిన మాట. మొదటిది అందరికి మేలు చేయును, వరుస కదలును. రెండవది నాకు మాత్రమే మేలు చేయును, వరుస నిలిచిపోవును.

సోమవారమున ఆ నాలుగు ఇండ్లవారిని వెంటబెట్టుకొని కార్యాలయమునకు వెళ్లితిని. ఇదియు సిఫారసే గదా అని నా మనస్సు నన్ను అడిగెను. కనుక నేను మాటలాడలేదు. దరఖాస్తు తేది, నంబరు వేసి వారి పేరనే ఒక అర్జీ వ్రాసితిమి. మొదట ఆ తల్లి సంతకము చేసెను, తరువాత మిగిలినవారు. నా పేరు లేదు. రెండవ ప్రతి మీద ముద్ర వేయించి తేది వేయించుకొంటిమి. స్తంభము వేరొక చోటికి పోయిన సంగతియు, అందులో నా పాలును, అధికారితో అందరు వినుచుండగా చెప్పితిని. ఆయన కొంతసేపు మాటలాడక కాగితములు సర్దుకొని, "ఈసారి వచ్చిన మొదటి స్తంభం అక్కడికేనండి" అనిరి. వారమునకొకసారి ఆ స్త్రీలే వెళ్లి అడిగివచ్చిరి. మూడవసారి వెళ్లునాటికి నా అవసరము వారికి లేకపోయెను.

మార్చి చివరి వారములో ఆ వరుసకు దీపము వచ్చెను. అప్పటికి ఆ పిల్ల పరీక్షలు సగము ముగిసినవి. ఆమె ఉత్తీర్ణురాలయ్యెను, దేవునికి స్తోత్రము. అయితే గణితములో తాననుకొన్నన్ని మార్కులు రాలేదు. దానికి స్తంభము కారణమో కాదో ఎవరు చెప్పగలరు? కాదని చెప్పుటకు నాకు ధైర్యము చాలదు.

ఇంకొక మాట చెప్పి ముగించెదను. ఆ నెలలోనే, స్లాబు పని పూర్తియై, పుస్తకముల పెట్టెలను తిరిగి ఇంటిలో సర్దుచుండగా, ఒక నోటు పుస్తకములో మడిచిన కాగితము కనబడెను. మా సంఘపు యౌవనుడొకడు తన బాప్తిస్మపు ధ్రువపత్రము కావలెనని నాకు వ్రాసి యిచ్చిన చీటి అది. తేది చూచితిని. మూడు నెలల పదునొకండు దినములయ్యెను. అతడు రెండుసార్లు ఇంటికి వచ్చి, నేను కరెంటు కార్యాలయముమీద మండిపడుచుండగా విని, తన మాట ఎత్తక తిరిగి వెళ్లెనని నా భార్య చెప్పెను. పత్రము వ్రాయుటకు నాకు పట్టినది పావుగంట. దానికి స్టోరునుండి రావలసిన సామాను లేదు, లైను ఆపవలసిన పని లేదు. నా గుమ్మము ముందు కూడ ఒక వరుస ఉన్నదనియు, అందులో నిలిచినవారు నన్ను అడుగుటకు మొగమాటపడుచున్నారనియు నాకు తెలియకపోయెను.

ఇప్పుడు నా మేజా మీద ఒక పుస్తకమున్నది. ఎవరు ఏమి అడిగినను తేది వేసి వ్రాయుదును. వ్రాసిన వరుసలోనే చేయుదును. పెద్దల పని అయినను, పేదల పని అయినను ఒకటే. ఎవరైన వచ్చి పుస్తకము తీసి చూడవచ్చును. రోగి కొరకు, మరణము కొరకు మాత్రము వరుస మార్చుదును. మార్చినప్పుడు ఎందుకో ప్రక్కన వ్రాయుదును.

వీధి అవతల ఆ స్తంభము నిలిచియున్నది. సాయంకాలము దీపము వేయునప్పుడెల్ల నా చూపు దాని మీదికి పోవును. చదువరీ, నీ ఇంటి ముందు అట్టి స్తంభమేదైన ఉన్నదా? అది ఎవరి వరుసలోనుండి నీయొద్దకు వచ్చినదో ఒకసారి అడిగి తెలిసికొనుము. ఆ గుంట ఇంకను తెరచియే యున్నచో, వెళ్లి పూడ్చుటకు ఇంకను సమయమున్నది.